ఇంజనుకు ఒక చెవి

కుండ కొనేటప్పుడు మనం ఏం చేస్తాం? ఒక చేత్తో కుండను ఎత్తి పట్టుకుంటాం. ఇంకో చేతి వేలు మడిచి మెల్లగా కొడతాం. 'ఖంగు'మంటే మంచి కుండ. శబ్దం మూగగా వస్తే ఎక్కడో పగులు ఉన్నట్టు. కంటికి కనపడని పగులు చెవికి తెలిసిపోతుంది.

కారు ఇంజనుకు కూడా ఇట్లాంటి చెవి ఒకటి ఉంది. దాని పేరు నాక్ సెన్సర్. నాక్ అంటే కొట్టడం. సెన్సర్ అంటే పసిగట్టేది. ఇంజను లోపల టకటకమని కొట్టుకుంటే ఇది పసిగడుతుంది. చాలా కార్లలో ఇది చిన్న గారె మాదిరి ఉంటుంది. మధ్యలో రంధ్రం. ఆ రంధ్రంలో ఒక బోల్టు. ఆ బోల్టుతో దాన్ని ఇంజనుకు బిగిస్తారు.

ఇది మనకెందుకు అంటారేమో. తిరుపతి చుట్టుపక్కల ఎన్ని ఇండ్లు బాడుగ కార్ల మీద బతకడం లేదు? బండి షెడ్డులో పడితే ఆ ఇంట్లో కంతు కట్టేది ఎట్లా?

మా చదువుల కేంద్రానికి ఒక అక్క వస్తుంది. సంఘంలో అప్పు తీసుకుని పాత పెట్రోలు కారు కొన్నారు. భర్త దాన్ని బాడుగకు తోలతాడు. తిరుమల, కాణిపాకం, శ్రీకాళహస్తి, ఎక్కడికి పిలిస్తే అక్కడికి. ఒకరోజు యాత్రికులను ఎక్కించుకుని కొండెక్కుతా ఉంటే బండి లాగలేదు. మలుపు దగ్గర గింజుకుంది. ముందర పచ్చగా ఇంజను బొమ్మ దీపం వెలిగింది.

షెడ్డుకు తీసుకుపోయినారు. అక్కడ కారుకు చిన్న యంత్రం తగిలించి చూసినారు. ఒక అంకె వచ్చింది. "నాక్ సెన్సర్ పోయింది. మార్చాల" అన్నారు. మార్చినారు. డబ్బు తీసుకున్నారు. రెండు రోజులు దీపం రాలేదు. మూడో రోజు మళ్ళీ వచ్చింది. ఈసారి షెడ్డువాళ్ళు "ఇంజనే దించి చూడాల" అన్నారు. ఇంజను దించడమంటే వేలల్లో ఖర్చు. బండి ఎన్నాళ్ళు నిలబడుతుందో తెలియదు.

ఆ సాయంత్రం అక్క రెండు కాయితాలు తెచ్చింది. రెండూ ఆ షెడ్డు వాళ్ళు రాసిచ్చినవే.

"టీచరమ్మా, అంకెలు నేనే చదివినాను. మొదటి కాయితంలో పి 0325. రెండో దాంట్లోనూ అదే. సామాను మార్చినాక కూడా అదే అంకె ఎందుకొచ్చింది?" అని అడిగింది.

నాకు తెలియదు. నేను టీచరు ట్రైనింగులో ఇంజను గురించి నేర్చుకోలేదు. కానీ ఆ ప్రశ్న సరైన ప్రశ్న అని మాత్రం తెలిసింది. తెలిసిన వాళ్ళను అడిగి, పుస్తకాలు చూసి నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

ఇంజను లోపల ఏం జరుగుతుంది?

సైకిలుకు గాలి కొట్టే పంపు చూశారు కదా. ఒక గొట్టం. అందులో పైకీ కిందికీ ఆడే కడ్డీ. కారు ఇంజనులోనూ అట్లాంటి గొట్టాలు మూడో నాలుగో ఉంటాయి. గొట్టాన్ని సిలిండరు అంటారు. లోపల ఆడే దిమ్మెను పిస్టన్ అంటారు.

పెట్రోలు ఆవిరి, గాలి కలిసి సిలిండరులోకి పోతాయి. పిస్టన్ పైకి వచ్చి వాటిని నొక్కుతుంది. దాదాపు పది చెంబుల గాలిని ఒక చెంబులో కుక్కినట్టు. గాలిని నొక్కితే వేడెక్కుతుంది. సైకిలు పంపు గబగబా కొట్టి దాని అడుగు పట్టుకుంటే చెయ్యి చుర్రుమంటుంది. అట్లా వేడెక్కి ఉన్నప్పుడు స్పార్క్ ప్లగ్గు ఒక నిప్పురవ్వ వేస్తుంది. మంట లేస్తుంది. పిస్టన్‌ను కిందికి తోస్తుంది. ఆ తోపుకే చక్రాలు తిరుగుతాయి. ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరిగితే, ఒక్కొక్క సిలిండరులో 1500 సార్లు మంట లేస్తుంది. ఒక్క నిమిషంలోనే!

ఎండుటాకుల కుప్పకు ఒక పక్కన నిప్పు పెట్టండి. మంట ఆ పక్క నుంచి ఈ పక్కకు వరుసగా పాకుతుంది. మంచి ఇంజనులో కూడా అంతే. ప్లగ్గు దగ్గర మొదలైన మంట అంచుల దాకా పాకుతుంది. కానీ ఒక్కోసారి మంట ఇంకా చేరకముందే మూలలో మిగిలిన ఆవిరి తనంతట తానే అంటుకుంటుంది. వేడికి, ఒత్తిడికి తట్టుకోలేక ఒక్కసారిగా భగ్గుమంటుంది. ఆ దెబ్బ సిలిండరు గోడలకు తగులుతుంది. ఇత్తడి చెంబులో గులకరాళ్ళు వేసి ఊపినట్టు శబ్దం వస్తుంది. దీన్నే నాకింగ్ అంటారు. మన డ్రైవర్లు "ఇంజను కొడతా ఉంది" అంటారు.

కాసేపు కొడితే నష్టం లేదు. రోజుల తరబడి గట్టిగా కొడితే పిస్టన్ తల కరుగుతుంది, చిల్లు పడుతుంది. దాని చుట్టూ ఉండే రింగులు విరుగుతాయి. అప్పుడు నిజంగానే ఇంజను దించాలి.

కొండ మీదికి పోయేటప్పుడే ఎందుకు?

తిరుమలకు మొదటి ఘాట్ రోడ్డు 1944లో తెరిచారు. రెండోది 1974లో వచ్చింది. ఇప్పుడు ఎక్కే బండ్లు రెండో దారిలో పోతాయి. దిగేవి మొదటి దారిలో వస్తాయి. అలిపిరి దాటినాక ఎత్తే ఎత్తు. మనుషులు, మూటలు, పైన ఎండ. మనమే బిందె నెత్తిన పెట్టుకుని గట్టు ఎక్కితే ఆయాసం రాదా? ఇంజనుకూ అంతే. బరువు ఎక్కువైనప్పుడు సిలిండరులో ఒత్తిడీ వేడీ పెరుగుతాయి. నాకింగ్ వచ్చేది అప్పుడే.

ఇక్కడ డ్రైవరు చేసే తప్పు ఒకటి ఉంది. పెట్రోలు మిగులుతుందని పెద్ద గేరులోనే ఎక్కించాలని చూస్తారు. బండి మెల్లగా పోతా ఉంటుంది, కాలు మాత్రం గట్టిగా తొక్కుతా ఉంటుంది. ఇంజను కొట్టేదానికి ఇంతకంటే మంచి సందు దొరకదు. గేరు తగ్గించాలి. చాలాసార్లు శబ్దం అప్పుడే ఆగిపోతుంది. దానికి రూపాయి ఖర్చు లేదు.

పాత అంబాసిడర్ కార్లకు నాక్ సెన్సర్ లేదు. డ్రైవరు చెవే సెన్సరు. శబ్దం వింటే ఆపి, బానెట్ ఎత్తి, నిప్పురవ్వ పడే సమయాన్ని చేత్తో కొంచెం తిప్పి సరిచేసేవాళ్ళు. ఆ కార్ల తయారీ 2014లో ఆగిపోయింది. డీజిలు బండ్ల సంగతి వేరు. వాటిలో నిప్పురవ్వ వేసే ప్లగ్గే ఉండదు. నొక్కిన గాలి వేడికే డీజిలు అంటుకుంటుంది. అందుకే వాటి శబ్దం ఎప్పుడూ గరగరమంటుంది. 2022లో తిరుపతి నుంచి కొండకు కరెంటు బస్సులు మొదలయ్యాయి. వాటిలో మంటే లేదు. ఇంక కొట్టేది ఏముంది?

నాకింగ్‌కు పెట్రోలు కూడా కారణం అవుతుంది. కిరోసిన్ కలిసిన పెట్రోలు ఒత్తిడికి ఓర్చుకోలేదు. ఊరికే అంటుకుంటుంది. అనుమానం వస్తే బంకులో ఫిల్టరు కాయితం అడగండి. ఇవ్వడం వాళ్ళ బాధ్యత. దాని మీద ఒక చుక్క పెట్రోలు వేయండి. మంచి పెట్రోలయితే ఆరిపోయినాక మరక మిగలదు. మరక మిగిలితే అనుమానించాల్సిందే.

ఇక్కడ ఒక సంగతి చెప్పకుండా ఉండలేను. పెట్రోలుకు ఓర్పు పెంచాలని 1921లో అమెరికాలో థామస్ మిడ్జ్‌లీ అనే ఆయన సీసం కలిసిన మందు కనిపెట్టాడు. ఇంజను కొట్టడం ఆగింది. ప్రపంచమంతా అదే పెట్రోలు పోసుకుంది. కానీ ఆ సీసం పొగలో కలిసి బయటికి వచ్చింది. సీసం విషం. చిన్నపిల్లల మెదడును దెబ్బతీస్తుంది. ఇంజను సుఖానికి పిల్లల తెలివిని పణంగా పెట్టినట్టయింది. మన దేశంలో 2000లో సీసం పెట్రోలు ఆపేశారు. అన్నిటికంటే ఆఖరున అల్జీరియా దేశంలో 2021లో ఆగింది. నాక్ సెన్సర్ పనిచేస్తే శబ్దం రాగానే ఇంజనే సర్దుకుంటుంది. ఇప్పుడు పెట్రోలులో ఎథనాల్ అనే సారా కలుపుతున్నారు. 2025 నాటికి నూటికి 20 పాళ్ళు కలిపే దాకా వచ్చింది మన దేశం. చెరకు నుంచి, మొక్కజొన్న నుంచి, బియ్యం నుంచి దాన్ని తీస్తారు. చెరకు మన జిల్లాలోనూ పండేదే. ఎథనాల్‌కు నాకింగ్‌ను ఆపే గుణం ఉంది. మైలేజీ మాత్రం కొంచెం తగ్గుతుంది.

గ్యాసు లైటరుకు చుట్టం

ఇంతకీ ఆ గారె ఎట్లా వింటుంది? మీ వంటింట్లో గ్యాసు లైటరు ఉందా? 'టక్' అని నొక్కితే నిప్పురవ్వ వస్తుంది. అందులో బ్యాటరీ లేదు. మరి రవ్వ ఎక్కడిది? లోపల ఒక చిన్న గట్టి బిళ్ళ ఉంటుంది. స్ప్రింగు దాన్ని ఫట్టుమని కొడుతుంది. కొట్టిన దెబ్బకు ఆ బిళ్ళలో కరెంటు పుడుతుంది. కొన్ని రకాల స్ఫటికాలకు ఈ గుణం ఉందని 1880లో ఫ్రాన్సులో ఇద్దరు అన్నదమ్ములు కనిపెట్టారు. జాక్ క్యూరీ, పియరీ క్యూరీ. తమ్ముడు పియరీ తర్వాత పెళ్ళి చేసుకున్నది మేరీ క్యూరీని. రెండు నోబెల్ బహుమతులు అందుకున్న ఆమె.

నాక్ సెన్సరులో కూడా అట్లాంటి బిళ్ళే ఉంటుంది. ఇంజను అదిరితే బిళ్ళ మీద ఒత్తిడి పడుతుంది. కొంచెం కరెంటు పుడుతుంది. అది తీగ వెంబడి కారులోని కంప్యూటరుకు పోతుంది. ఇంజను మామూలుగానూ అదురుతా ఉంటుంది. నాకింగ్ అదురు వేరే రకం. బిడ్డ ఆకలి ఏడుపుకూ నొప్పి ఏడుపుకూ తేడా తల్లికి తెలిసినట్టు, ఆ తేడా కంప్యూటరుకు తెలుసు.

తెలిసినాక ఏం చేస్తుంది? బిడ్డను ఉయ్యాల ఊపేటప్పుడు గుర్తు చేసుకోండి. ఉయ్యాల మన వైపు వస్తా ఉండగానే తోస్తే చేతికి దెబ్బ తగులుతుంది. వచ్చి, ఆగి, వెనక్కి పోయేటప్పుడు తోస్తే హాయిగా పోతుంది. నిప్పురవ్వ కూడా అంతే. నాకింగ్ వినపడగానే కంప్యూటరు నిప్పురవ్వను కొంచెం ఆలస్యంగా వేస్తుంది. శబ్దం ఆగుతుంది. బలం కూడా కొంచెం తగ్గుతుంది. శబ్దం పోయినాక మెల్లమెల్లగా మళ్ళీ పాత సమయానికి వస్తుంది.

మరి ఆ చెవే వినపడకపోతే? కళ్ళు కనపడని చీకట్లో మనం ఎట్లా నడుస్తాం? పడిపోతామేమో అని అడుగులో అడుగు వేస్తాం. సెన్సరు నుంచి సరైన కబురు రాకపోతే కంప్యూటరూ అంతే. ఎందుకైనా మంచిదని ఎప్పుడూ ఆలస్యంగానే రవ్వ వేస్తుంది. బండికి బలం తగ్గుతుంది. పెట్రోలు ఎక్కువ తాగుతుంది. ఎత్తు ఎక్కలేదు. పచ్చ దీపం వెలుగుతుంది. అక్క వాళ్ళ కారుకు జరిగింది ఇదే.

అంకె వీధి పేరు చెబుతుంది, ఇల్లు చూపించదు

ఇప్పుడు అక్క ప్రశ్నకు వద్దాం. పి 0325 అనే అంకెకు అర్థం "నాక్ సెన్సర్ పోయింది" అని కాదు. "నాక్ సెన్సర్ దారిలో ఏదో తేడా ఉంది" అని. దారి అంటే సెన్సరు, దాని బోల్టు, తీగ, తీగ కొనలో ఉండే ప్లాస్టిక్ గూడు, ఆఖరున కంప్యూటరు. వీటిలో ఏది చెడినా అదే అంకె రావచ్చు. షెడ్డులో అంకె చూడగానే సెన్సరు మార్చేశారు. మిగతాది చూడలేదు.

చూసే పద్ధతి ఇది. ముందు అంకె రాసుకోవాలి. తర్వాత యంత్రంతోనే దాన్ని చెరిపి, బండి నడిపి, మళ్ళీ వస్తుందేమో చూడాలి. రాకపోతే అప్పటికి ఊరుకోవచ్చు. వస్తే ఇంజను చల్లారినాక తీగను మొదటి నుంచి చివరి దాకా కంటితో చూడాలి. ఎక్కడైనా కాలిందా? ఎలుక కొరికిందా? ప్లాస్టిక్ గూడులో నీళ్ళు, నూనె, చిలుము ఉన్నాయా? బోల్టు వదులుగా ఉందా?

కంటికి ఏమీ కనపడకపోతే మల్టీమీటరు పెట్టాలి. కరెంటు పనివాళ్ళ దగ్గర ఉండేదే. తీగ ఒక కొన నుంచి ఇంకో కొన దాకా తెగకుండా ఉందా అని అది చెబుతుంది. సెన్సరును కూడా దానితో చూస్తారు. ఎంత చూపించాలో ఒక్కో కంపెనీ బండికి ఒక్కో లెక్క. ఆ బండి పుస్తకంలో ఉంటుంది. ఇంకో పరీక్ష మన కుండ పరీక్షే! మీటరు తగిలించి, సెన్సరు పక్కన ఇంజను ఇనుము మీద చిన్న స్పానరుతో మెల్లగా తడతారు. చెవి బాగుంటే మీటరులో ముల్లో అంకెలో కదులుతుంది. సెన్సరు మీద మాత్రం కొట్టకూడదు. లోపలి బిళ్ళ పగులుతుంది.

సెన్సరు, తీగ రెండూ బాగుండి ఇంజను నిజంగా కొడతా ఉంటే, చెవిని తప్పు పట్టి లాభం లేదు. రేడియేటరులో నీళ్ళు, ప్లగ్గులు, పెట్రోలు, లోపల పేరుకున్న మసి చూడాలి. దీపం పచ్చగా నిలకడగా ఉంటే మెల్లగా షెడ్డు దాకా పోవచ్చు. మిణుకు మిణుకుమంటే బరువు తగ్గించి, త్వరగా ఆపాలి. ఎర్ర దీపం, అంటే వేడిదో ఆయిలుదో వస్తే, అక్కడే ఆపి ఇంజను ఆర్పేయాలి.

సెన్సరే చెడితే మార్చేది ఎట్లా?

ఇది మెకానిక్కు పని. కానీ పక్కన నిలబడి చూసే హక్కు మనకుంది. ఇంజను చల్లగా ఉండాలి. బ్యాటరీ మైనస్ తీగ ముందు తీయాలి. సెన్సరు గూటికి ఉన్న చిన్న నాలుక నొక్కి తీయాలి. తీగ పట్టుకుని లాగకూడదు. బోల్టు విప్పి పాతది తీసినాక, అది కూర్చునే చోట తుప్పు, మట్టి, నూనె లేకుండా గుడ్డతో శుభ్రం చేయాలి. ఇనుముకు ఇనుము సరిగ్గా ఆనితేనే అదురు తెలుస్తుంది. అందుకే మధ్యలో వాషరు పెట్టకూడదు. కొత్తది చేయి జారి నేల మీద పడితే దాన్ని నమ్మకూడదు.

అన్నిటికంటే ముఖ్యం బోల్టు బిగింపు. ఎంత బిగించాలో కూడా బండి పుస్తకంలో ఉంటుంది. గారె మాదిరి సెన్సర్లకు ఎక్కువగా 20 న్యూటన్ మీటర్లు. అదెంత? మీటరు పొడుగు కర్ర చివర రెండు కిలోల బియ్యం సంచి వేలాడదీస్తే పడే బలం. అంతే. వదులైతే చెవికి వినపడదు. మరీ బిగిస్తే మామూలు శబ్దానికీ ఉలిక్కిపడుతుంది, లేదా పగులుతుంది. దీనికి టార్క్ స్పానర్ అని ఉంటుంది. లెక్క సరిపోగానే 'టిక్'మంటుంది. అది లేని షెడ్డులో చేతి అందాజుతో బిగిస్తారు. కొన్ని కార్లలో సెన్సరు గాలి గొట్టాల కింద దాక్కుని ఉంటుంది. అక్కడ సామాను కంటే కూలి ఎక్కువ అవుతుంది. ముందే అడిగి తెలుసుకోవాలి.

అక్క భర్త కారును ఇంకో షెడ్డుకు తీసుకుపోయినాడు. అక్క కూడా పోయింది. "అన్నా, ఇంజను దించే ముందు తీగ చూస్తావా?" అని అడిగింది. మెకానిక్కు ఆమె వైపు ఒకసారి చూసి టార్చిలైటు తీసుకున్నాడు. గాలి గొట్టం వెనక తీగను ఎలుక కొరికి ఉంది. పైన తోలు పోయి లోపలి రాగి కనపడతా ఉంది. ఆ ముక్క తీసేసి కొత్త తీగ అతికినాడు. సెన్సరు బోల్టు కూడా విప్పి లెక్కగా బిగించినాడు. అంకె చెరిపి, బండిని చంద్రగిరి దాకా తోలి తెచ్చినాడు. దీపం రాలేదు. తర్వాత కొండకు పోయి వచ్చినా రాలేదు.

మొదటి షెడ్డు బిల్లు అక్క మళ్ళీ నాకు చూపించింది. "కొత్త సెన్సరు" అని ఉంది, కంపెనీ పేరు లేదు. తీసేసిన పాతది తిరిగి ఇవ్వలేదు. అది బాగుండిందో లేదో ఇప్పుడు ఎవరు చెప్పగలరు? సామాను మారిస్తే పాతది అడిగి తీసుకోండి. బిల్లు మీద పేరు, ధర, తేదీ, గ్యారంటీ రాయించుకోండి. మోసం జరిగిందనిపిస్తే వినియోగదారుల ఫోను నెంబరు 1915 ఉంది. దానికి డబ్బు పడదు.

అక్క ఇప్పుడు కారులో ఒక నోటుపుస్తకం పెట్టింది. తేదీ, ఎన్ని లీటర్లు, ఏ బంకు, ఎన్ని కిలోమీటర్లు, దీపం వస్తే ఏ అంకె, అన్నీ రాస్తుంది. భర్త చెబుతాడు, ఆమె రాస్తుంది. పోయిన వారం చూపించింది. పి 0325 మళ్ళీ ఎక్కడా లేదు. కొత్తగా పి 0301 ఉంది. ఒకటో సిలిండరులో మంట సరిగ్గా అంటుకోవడం లేదని దాని అర్థం. ఈసారి "ఇంజను దించాలా?" అని ఆమె అడగలేదు. "ముందు ప్లగ్గు చూడమని చెప్పినాను" అంది.